నాయనమ్మ మానుకున్న శనివారం

మా నాయనమ్మ రాజ్యం మాట్లాడితే పర్చూరులో మా వీధి చివరిదాకా వినపడుతుంది. మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే కూలీలు ఆవిడ దగ్గుకే సర్దుకుని కూర్చుంటారు. నామీద మాత్రం ఈగ వాలనివ్వదు. శనివారం ఆవిడకి ఒక్కపొద్దు. వెంకటేశ్వరస్వామి పేరున పగలంతా పస్తుండి, దీపం పెట్టాక ఒక పూట తింటుంది.

ఇంటర్ రెండో ఏడులో నేనూ మొదలుపెట్టాను. ముందు శనివారం, తర్వాత సోమవారం, ఆ తర్వాత గురువారం. కాలేజీలో ఎవరో బొద్దుగా ఉన్నావన్నారు, ఆ మాట బుర్రలోంచి పోలేదు. చిక్కేకొద్దీ అద్దంలో ఇంకా లావుగానే కనిపించేదాన్ని. మెతుకంటే భయం పట్టుకుంది. "మా బిందుకి నా భక్తే వచ్చింది" అని నాయనమ్మ ఊరంతా చాటుకుంది. నాకూ అదే కావాలి. దేవుడి పేరు చెబితే తినమని ఎవరూ బలవంతం చెయ్యరు గదా.

జుట్టు ఊడింది. నెలసరి ఆగింది. అమ్మ దిష్టి తీసింది. ఒక శుక్రవారం కల్లంలో అందరికీ చెమటలు కారుతుంటే నాకు చలి. శాలువా కప్పుకునే కాయలు తిరగేస్తూ కళ్ళు తిరిగి పడ్డాను. ఇంటికి తెచ్చాక నాయనమ్మ నా మణికట్టు పట్టుకుని వదల్లేదు.

"నిన్న దీపం పెట్టాక ఏం తిన్నావు?"

నేను చెయ్యి వెనక్కి లాక్కోబోయాను.

"ఒక్కపొద్దంటే ఒక పూటన్నా తినాలి గదే. నువ్వు ఆ పూట కూడా తింటంలా. ఇది భక్తి కాదమ్మా, ఇంకేందో." ఆవిడ గొంతు అంత మెల్లగా వినటం నాకదే మొదలు.

గుంటూరులో మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళారు. రక్తం, గుండె పరీక్షలు చూసి ఆవిడ అన్నారు: "ఇది భక్తీ కాదు, మొండితనమూ కాదు. అనొరెక్సియా అనే జబ్బు. ప్రాణం మీదికి తెస్తుంది, కానీ వైద్యంతో నయమవుతుంది." వారం వారం కౌన్సెలింగ్, వేళకి తిండి అని చెప్పి నాయనమ్మ వైపు తిరిగారు. "పక్కన కూర్చుని మీరూ తినాలి. తిట్టకూడదు."

"తిట్టకుండానా అండీ?" అంది నాయనమ్మ దిగులుగా.

తర్వాత శనివారం వచ్చింది. మధ్యాహ్నం నాయనమ్మ రెండు పళ్ళేలు పెట్టింది. పప్పు, దోసకాయ పచ్చడి, నెయ్యి. నాకు ఒళ్ళు మండింది.

"ఇవాళ నీకు ఒక్కపొద్దు. ఎట్టా తింటావు? నాటకాలాడబాక" అన్నాను కసిగా.

ఆవిడ తిట్టలేదు. అన్నం కలిపింది. ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. గోడ మీది స్వామి పటం వైపు చూసింది.

"భయంగా ఉందా?" అన్నాను.

"ఉండదా మరి? స్వామికి మొక్కుకున్న రోజు. నీక్కూడా అన్నమంటే ఇట్టాగే ఉంటందా?"

ఆ మాట నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. ఏడుపొచ్చేసింది. ఉంటుందన్నాను.

"అయితే ఇద్దరం భయపడతానే తిందాం" అని ఆ ముద్ద నోట్లో పెట్టుకుంది.

నేనూ పెట్టుకున్నాను. ఆ రోజు సగం పళ్ళెమే తినగలిగాను. మిగతా సగానికి చాలా నెలలు పట్టింది.