నిర్మలాదేవి గారి ఫ్రెంచి దొర

నిర్మలాదేవికి భయపడటమంటే ప్రాణం. కొందరికి ఆవకాయ, కొందరికి సినిమా, ఆవిడకు ఒళ్ళు జలదరించడం. అది కూడా ఊరికే జలదరిస్తే చాలదు, ఒకే ఒక్క కథకు జలదరించాలి.

ఆ కథ ఖమ్మం బస్టాండులో కొన్న పాత పత్రికల కట్టలో దొరికింది. అట్ట లేదు. మొదటి పేజీ సగం చిరిగి, రాసినవాడి పేరు పోయి, 'ప్రసిద్ధ ఫ్రెంచి కథ' అన్న ముక్క మాత్రం మిగిలింది. కృష్ణాజిల్లా నుంచి వచ్చి, భద్రాచలం రోడ్డు పక్కన అడవి అంచున మిరప వేసుకుంటున్న ఆ సంసారంలో, మొదట్లో ఆవిడ మొగుడి తర్వాతే కథ అనుకునేది. ఆ వరుస ఎప్పుడో తిరగబడిందని మొగుడు వెంకటరామారావు అనుమానం.

కథ ఇంతే. ఫ్రాన్సులో ఒక బంగళా. దొర చచ్చిపోయాడు. పనిమనిషి అలవాటు కొద్దీ రోజూ ఆయన గది గుమ్మం ముందు గిన్నెడు పాలు పెడుతుంది. తెల్లారి చూస్తే గిన్నె ఖాళీ. తలుపు చూస్తే లోపల గడియ. ఒకనాడు పాలు పెట్టడం మరిచిపోయింది. అప్పుడు తలుపు వెనక నుంచి...

ఇక్కడ ఆగేది నిర్మలాదేవి. వినేవాళ్ళు ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఆవిడ గొంతు పాతాళానికి దించి, "పాలేవీ?" అనేది.

ఆ దెబ్బకు పక్కింటి ఆదెమ్మ చేతిలో పచ్చడి జాడీ వదిలేసింది. కిరసనాయిలు డిపో గుమాస్తా ఆగి ఉన్న సైకిలు మీంచి పడ్డాడు. కథ అక్షరం అక్షరం వచ్చిన వెంకటరామారావు కూడా పాలు మానేసి నల్ల టీలోకి దిగాడు.

"శుభమా అని పసుపు రాసుకుంటుంటే చచ్చినోళ్ళ కథేందమ్మా?" అని పేరంటంలో ఎవరో విసుక్కున్నారు.

"బతికున్నోళ్ళ కథల్లో ఏముంటుందమ్మా, చీటీలూ కోడళ్ళూ తప్ప?" అంది నిర్మలాదేవి.

"పోనీ భోజనాల ముందు వద్దు నిర్మలా" అని బతిమాలాడు వెంకటరామారావు.

"చీకట్లో ఎవడైనా భయపెడతాడండీ. మిట్టమధ్యాహ్నం, చేతిలో గరిటెతో భయపెట్టి చూపించమనండి!"

వానలు మొదలైన రోజుల్లో ఊళ్ళో పిచ్చయ్య అనే రైతు బర్రెకు పొదుగు రాయిలా గట్టిపడి పాలు ఆగిపోయాయి. పిచ్చయ్య బర్రెను అనలేదు. తండా నుంచి గడ్డిమోపులు తెచ్చి అమ్ముకునే పూలిని అన్నాడు. "మొన్న అది బర్రె దిక్కు చూసింది. పొద్దుగూకేసరికి పాలు బంద్." ఏటి అవతలి నుంచి జంపయ్య అనే మంత్రగాడు దిగాడు. ఆమె పళ్ళు ఊడగొడితే చేతబడి విరుగుతుందన్నాడు.

వెంకటరామారావు వెళ్ళేసరికి పిచ్చయ్య కొట్టం ముందు జనం. ఇద్దరు మగవాళ్ళు పూలి రెక్కలు పట్టుకున్నారు. ఆమె ఏడవడం లేదు. "నేను చెయ్యలే, నేను చెయ్యలే" అంటోంది, వినేవాళ్ళు లేక మెల్లగా.

ఆయన పరుగున ఇంటికొచ్చి విషయం చెప్పి తలుపు వేయబోయాడు. నిర్మలాదేవి పొయ్యి మీద కూర దించి, కొంగు బిగించి బయల్దేరింది. ఆవిడ వెనకాల ఆయన, ఆయన వెనకాల ఆయన భయం.

"పిచ్చయ్యా, ఆమెనొదులు. నీ బర్రె పాలు తాగింది మా దొర."

"ఏ దొరమ్మా?"

"తెలీనట్టు అడుగుతావేం? మొన్న కల్లంలో మీ ఆవిడ ఎవరి పేరు విని కెవ్వుమంది? చెప్పీ చెప్పీ వాణ్ణి నేనే పిలిచాను. ఫ్రాన్సులో పాలు నిండుకున్నట్టున్నాయి, ఇటొచ్చాడు."

అక్కడున్న ప్రతివాళ్ళూ ఏదో ఒక రోజు ఆ దొరకు ఉలిక్కిపడ్డవాళ్ళే. ఇప్పుడు లేడని ఎలా అంటారు?

"దొరైనా దయ్యమైనా నా యాపమండకు దిగాల్సిందే" అన్నాడు జంపయ్య.

నిర్మలాదేవి వెళ్ళి అతను మంత్రానికి వేసిన ముగ్గులో కూర్చుంది. "దింపు. కాకపోతే వాడికి తెలుగు రాదు. ఫ్రెంచిలో దింపు."

జంపయ్య తల గోక్కున్నాడు. "బస్తర్ దయ్యాన్ని దింపిన. ఇంగ్లీషుదైతే ఎట్లనో గట్ల చూస్తుంటి. గీ ఫ్రెంచి నా సర్కిల్ల లేదమ్మా."

"మరి పళ్ళు పీకుతానన్నావుగా? నావి పీకు!" అని నోరు తెరిచింది.

జీవితంలో నలుగురి ముందు గొంతెత్తని వెంకటరామారావు ఒకడుగు ముందుకేశాడు. "ముందు నావి చూడు జంపయ్యా. రెండు ఎలాగూ కదులుతున్నాయి."

ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు వరసగా పాకింది. ఆ నవ్వులో పూలి రెక్కలు పట్టుకున్న చేతులు వదులయ్యాయి.

"ఫ్రెంచి దొర సూదికి తప్ప లొంగడు" అని తీర్పు చెప్పి నిర్మలాదేవి లేచింది. మర్నాడు ఆవిడ కబురు మీద భద్రాచలం నుంచి పశువుల డాక్టరు బస్సు దిగాడు. పొదుగువాపన్నాడు, సూదులేశాడు. కొన్నాళ్ళకు బర్రె చేపి పాలిచ్చింది. "సూదికే పారిపాయె దొర!" అన్నాడు పిచ్చయ్య.

ఆ తర్వాత నిర్మలాదేవిని పేరంటాలకు పిలవడం మానేశారు. ఎదురైతే పక్కకు తప్పుకునేవాళ్ళు.

"నిందంతా నీ మీద పడింది కదే" అన్నాడు వెంకటరామారావు.

"పడనివ్వండి. నాకు పొలముంది, మీరున్నారు. నా మీద పడితే అది నిందగానే ఉంటుంది. పూలి మీద పడితే రాయవుతుంది."

ఒక మధ్యాహ్నం పూలి గడ్డిమోపు దించి అరుగు మీద కూలబడింది. "అమ్మా, నా పళ్ళు నిలబెట్టిన కథ నాకు చెప్పనే లేదు."

నిర్మలాదేవి మొహం వెలిగిపోయింది. చాన్నాళ్ళ ఆకలి తీరేలా, గొంతు పాతాళం కిందికి దించి మరీ చెప్పింది. లోపల వెంకటరామారావుకు ఎప్పటిలాగే వెన్ను జిల్లుమంది. పూలి మాత్రం కదల్లేదు. ఆలోచించింది.

"పనామెకు పాలు పోసేటోళ్ళా వాళ్ళు?"

"అదేం రాయలేదే..."

"గట్లయితె దొర తాగలేదమ్మా. ఆమెనే తాగింది. లోపలి గడియ గూడ ఆమెనే పెట్టి కిటికీల నుంచి దుంకింది. తలుపెనక మాట్లాడింది ఆమె మొగడు. బాగ చేసిండ్రు ఇద్దరు!"

నిర్మలాదేవి పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుని, వీధి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"పూలీ, ఈ మాట ఊళ్ళో ఎక్కడా అనకు. దొర ఉండనీ. పిచ్చయ్యకు ఇంకా రెండు బర్రెలున్నాయి."