కోటేశ్వరరావు గారి వీడ్కోలు సభలో నేను ఆపిన ఏసీ

కిటికీలు తెరిచిన పాపానికి ఆఫీసు మొత్తానికి శత్రువైన మనిషిని ఎప్పుడైనా చూశారా? లేకపోతే ఇదిగో, నన్ను చూడండి.

గుంటూరులో ఓ విత్తనాల కంపెనీలో కొత్తగా చేరిన రోజులు. పర్యావరణం మీద ఒకరోజు ట్రైనింగుకి పంపితే, భూగోళాన్ని నా చేతికే అప్పగించినట్టు తిరిగొచ్చాను. వచ్చీరాగానే పేపరు కప్పులు మాన్పించాను. ఎక్కడ లైటు వెలుగుతున్నా ఆపేదాన్ని. అది బాత్రూమైనా సరే, లోపల మనిషున్నా సరే.

"అమ్మా రజియా, నేనింకా బతికే ఉన్నాను! లైటెయ్యి తల్లీ!" అని క్యాషియర్ శేషగిరి గారు చీకట్లోంచి అరిచేవారు.

మా మేనేజరు కోటేశ్వరరావు గారు. జ్వరమని సెలవడిగితే సొరుగులోంచి థర్మామీటరు తీసి చేతిలో పెట్టే మనిషి. ఆయనకి ఒంగోలు బదిలీ అయిందని తెలియగానే అందరం మొహాలు వేలాడేసుకుని, టేబుళ్ళ కింద నుంచి మిఠాయిలు పంచుకున్నాం.

వీడ్కోలు సభ రోజు వచ్చింది. మంచి మిర్చి సీజను. ఆయన మైకు పట్టుకోగానే నేను లేచి ఏసీ ఆపేశాను.

"ఈ ఒక్క గంటైనా సహజమైన గాలి పీలుద్దాం సార్!" అంటూ వెనక కిటికీల వైపు నడిచాను.

"అమ్మాయ్, అవి తెరవకు! వెనక మిర్చి కోల్డ్ స్టోరేజీ!" అన్నారు శేషగిరి గారు.

"గుంటూరు వాళ్ళం, మిర్చికి భయపడతామా అండీ?" అని బార్లా తెరిచేశాను.

అప్పుడే కింద లారీలోంచి మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, దించుతున్నారు. ఆ ఘాటంతా తిన్నగా హాల్లోకొచ్చింది.

"ఇన్నేళ్ళలో మిమ్మల్ని నొప్పించి ఉంటే..." అని సారు మొదలుపెట్టారో లేదో, ముందు వరసలో కళ్ళు కారడం మొదలైంది. వెనక వరస కొంగుల్లో మొహాలు దాచుకుంది. శేషగిరి గారైతే అప్పగింతల్లో కూతుర్ని పంపే తండ్రిలా వెక్కుతున్నారు.

సారు నిర్ఘాంతపోయారు. "శేషగిరి గారూ, మీరు కూడానా?"

శేషగిరి గారు 'మిర్చి' అని చెప్పబోయారు. దగ్గు అడ్డమొచ్చి "మి... మి..." దగ్గరే ఆగిపోయారు.

"మిమ్మల్ని వదల్లేం అంటున్నారా? నాకర్థమైంది!" అన్నారు సారు, కళ్ళు తుడుచుకుంటూ. ఆయన కళ్ళకీ ఘాటు అందింది మరి. అక్కడికక్కడే హెడ్డాఫీసుకి ఫోను కలిపారు. "సార్, స్టాఫు చిన్నపిల్లల్లా ఏడుస్తున్నారు. నేను ఒంగోలు వెళ్ళలేను!"

నేను పరిగెత్తుకెళ్ళి నిజం చెప్పబోయాను. నోరు తెరిస్తే తుమ్ము తర్వాత తుమ్ము.

"పాపం, రజియాకి దుఃఖంతో మాటే రావడంలేదు" అని ఫోన్లో చెప్పారాయన.

బదిలీ రద్దయింది. సారు మరునాడు నన్ను పిలిచి, "నీ ఏడుపు చూశాకే వీళ్ళ మనసు పూర్తిగా తెలిసిందమ్మా. రిటైరయ్యేదాకా ఇక్కడే ఉంటాను" అన్నారు. బయటికొచ్చేసరికి ఆఫీసంతా నన్ను చూస్తోంది. ఈసారి ఆ కళ్ళు ఎర్రబడింది మిర్చికి కాదు.

ఆ రోజే ప్రమాణం చేశాను. భూమికి సేవ చేస్తాను, మొక్కలు నాటుతాను, అవసరమైతే ఆఫీసుకి నడిచే వస్తాను. కానీ బదిలీ మీద వెళ్ళిపోతున్న మేనేజరు ఊరు దాటేదాకా ఈ జన్మలో ఏసీ ఆపను.