ఈడుస్తూ పాడే స్టీరియో

మా స్టీరియో రీలు నమిలేసిన పొద్దున నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. హాల్లో మా ఆయన పాడుతున్నారు. మూడో పాట రెండో చరణంలో టేపు గుర్రుమని బొంగురుపోయి ఆగిపోయింది. దాంతోపాటే ఆయన గొంతూ ఆగిపోయింది, పదం సగంలో. చేతులైనా కడుక్కోకుండా పరుగెత్తాను. ఆయన కుర్చీలో నోరు తెరిచినట్టే ఉంచి ఆ పెట్టె వైపు చూస్తున్నారు.

పాత క్యాసెట్ డెక్కు పాడైతే ఇంత గోలేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. అప్పటికి ఎనిమిది నెలల కిందట మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడికాలు కొంత, చెయ్యి కొంత తిరిగొచ్చాయి. మాట మాత్రం రాలేదు. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో ఇరవై రెండేళ్ళు అకౌంట్స్ పాఠాలు చెప్పిన మనిషి. మైకు అక్కర్లేని గొంతు, వెనక బెంచీ వాడు కునుకు తీయడానికి కుదిరేది కాదని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. ఆ మనిషి ఇప్పుడు మంచినీళ్ళు కావాలంటే గ్లాసు వైపు వేలు చూపించాలి.

మాట రాలేదు గానీ పాట వచ్చింది. ఆస్పత్రి నుంచి తెచ్చిన కొత్తల్లో ఒక ఆదివారం, చర్చికి వెళ్ళలేక ఏడుపొచ్చి, మా పాత క్వయిరు క్యాసెట్ పెట్టుకున్నాను. మేమిద్దరం ఆ క్వయిరులోనే పాడేవాళ్ళం. పెళ్ళయిన మరుసటి ఏడు అందరం కలిసి ఎనిమిది పాటలు రికార్డు చేయించుకున్నాం. మొదటిది కానుకల పాట, చర్చిలో కానుకలు పట్టేటప్పుడు పాడేది. అది మొదలవగానే నా వెనక ఇంకో గొంతు వినబడింది. తిరిగి చూస్తే మా ఆయన. 'అమ్మా' అనలేని మనిషి, చరణం మొత్తం పదాలతో సహా పాడుతున్నారు.

స్పీచ్ థెరపీ అమ్మాయికి చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. "మాట ఉండే చోటు వేరు, పాట ఉండే చోటు వేరు ఆంటీ. అంకుల్‌ని రోజూ పాడించండి. అలా పాడగా పాడగా ఒక్కో మాట ఊడి బయటికి రావచ్చు. మానేస్తే మాత్రం ఉన్నదీ పోతుంది" అంది. ఆ చివరి మాట నా గుండెల్లో గుచ్చుకుంది. నా జీతం పంజాగుట్టలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ బిల్లింగ్ కౌంటర్లో కూర్చుంటే వచ్చేది. అందులో అద్దె, మందులు, ఫిజియోథెరపీ పోగా, ఆ అమ్మాయి దగ్గరికి నెలకు రెండుసార్లు తీసుకెళ్ళడమే గగనం. మిగతా ఇరవై ఎనిమిది రోజులూ ఆయనకు వైద్యం చేసేది ఆ స్టీరియోనే. అలాంటిది అది రీలు నమిలేసింది.

పెన్సిల్‌తో రీలు చుట్టి, నలిగిన చోట వేలితో సాపు చేశాను. డెక్కు మాత్రం తిరగలేదు. లంచ్ టైములో పంజాగుట్ట మెట్రో కింద అద్దాల తలుపులున్న ఒక ఎలక్ట్రానిక్స్ షాపుకి తీసుకెళ్ళాను. కౌంటర్లో అతను మూత కూడా విప్పలేదు.

"ఇదెందుకు ఆంటీ ఇంకా? పారేసి బ్లూటూత్ స్పీకర్ తీసుకోండి. ఆఫర్ ఉంది."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "పారెయ్యమని అడగడానికి రాలేదు నాయనా, బాగు చెయ్యమని వచ్చాను" అన్నాను, షాపంతా నా వైపు తిరిగేలా. అతను తగ్గి, క్యాసెట్ ఇస్తే పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తామన్నాడు. ఆరు వందలు. ఆ వారం కూరగాయల డబ్బులు అవే. ఇచ్చాను.

పాటలు ఫోన్లో పెట్టి వినిపించాను. బ్రహ్మాండంగా ఉన్నాయి, ఒక్క గరగర లేదు. ఆయన నోరు తెరిచారు, మూశారు. రెండోసారి పెడితే మొహం తిప్పుకున్నారు. ఆ చెక్క స్పీకర్ల మోతకు అలవాటుపడ్డారు, ఫోన్లో ఎలా పాడతారు అనుకున్నాను. ఇక ఆ స్టీరియో బాగుపడక తప్పదు. ఆరు వందలు మాత్రం గంగలో కలిశాయి.

ఆయన గొంతు విని పది రోజులైంది. పదిహేనైంది. ఉన్నదీ పోతుంది అన్న మాట రాత్రింబవళ్ళు చెవిలో మోగుతోంది. కౌంటర్లో బిల్లులు కొడుతూ ఒకరి రక్తపరీక్ష ఇంకొకరి పేరు మీద కొట్టేశాను. మేనేజర్ చీవాట్లు పెట్టాడు. బాత్రూములోకి వెళ్ళి పైట నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

చివరికి మా ఆఫీసు స్వీపరమ్మ ఒక చోటు చెప్పింది. అమీర్‌పేట నుంచి ఎస్.ఆర్. నగర్ వైపు వెళ్ళే సందులో, హాస్టళ్ళ వెనక, ఒక మెట్ల కింద చిన్న కొట్టు. అరవై దాటిన పెద్దాయన, రెండు కళ్ళజోళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. డెక్కు మూత తీసి చూడగానే ఆయన మొహం వెలిగింది.

"మస్తు మాల్ అమ్మా ఇది. గిసొంటివి ఇప్పుడు దొర్కయి. బెల్టు సాగింది, గీ రబ్బరు చక్రం అరిగింది. రెండు సుత కొత్తయి ఏస్త. ఫికర్ చెయ్యకు."

పన్నెండు వందలన్నాడు, తొమ్మిదికి దింపాను. ఫిజియోథెరపీ ఒక వారం మానేస్తే సరిపోతుంది. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకుంటే నేనెందుకవుతాను?

"ఏవండీ, ఇది ఎన్నేళ్ళ నుంచో ఈడుస్తోంది. పాట సాగదీసినట్టు వస్తుంది. ఆ స్పీడు కూడా సరిగ్గా పెట్టండి. క్వయిరులో పాడినదాన్ని, నాకు తేడా తెలిసిపోతుంది."

"కొత్తదాని లెక్క చేసిస్త తియ్యమ్మా" అన్నాడు.

అన్నట్టే చేసిచ్చాడు. ఇంటికి తెచ్చి ప్లే నొక్కాను. నా పెళ్ళినాటి క్వయిరు మా హాల్లోకి నడిచొచ్చినట్టుంది. మొదటి లైను మా ఆయన ఒక్కరే, ముప్పై ఒక్క ఏళ్ళ వయసునాటి గొంతుతో, ఖణీమని. మా క్వయిరులో ప్రతి పాటా ఆయనే ఎత్తుకునేవారు. హార్మోనియం మాస్టారు కూడా మెట్ల మీద వేళ్ళు ఆనించి ఆగేవాడు. ఈయన ఏ శ్రుతిలో ఎత్తుకుంటే దాన్ని వెతుక్కుని అక్కడికి రావాల్సిందే.

నేను కుర్చీ వైపు తిరిగాను. మా ఆయన నోరు తెరిచి ఉంది. గొంతు రావడం లేదు. ఒక పదం అందుకోబోయే లోపల టేపు మూడు పదాలు ముందుకు వెళ్ళిపోతోంది. కదిలిన బస్సు వెనక పరుగెత్తే మనిషిలా రెండు లైన్లు ప్రయత్నించి మానేశారు. మర్నాడూ అంతే. మూడో రోజు ఎడమచేత్తో తొడ మీద టపటపా కొట్టుకున్నారు. అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్తాను. ఆయన భుజాలు పట్టుకుని కుదిపి అరిచాను. "పాడండీ! తొమ్మిది వందలు పోశాను, ఇంకేం చెయ్యమంటారు నన్ను? పాడరేం?"

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను స్టీరియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. పాట కూడా పోయిందని, ఇక ఈ ఇంట్లో ఒక్క గొంతే మిగిలిందని, అదీ అరిచే గొంతేనని అనిపించింది.

నాలుగో పొద్దున అలవాటు కొద్దీ టేపు పెట్టి ఆయనకు చొక్కా తొడుగుతున్నాను. కుడిచెయ్యి ఎక్కించి కింది నుంచి గుండీలు పెట్టుకుంటూ వస్తాను. ఎప్పుడూ మెడ దగ్గరి గుండీ అయ్యేసరికి మొదటి పాట ముగిసేది. ఆ పొద్దున పాట అయిపోయింది, ఇంకా రెండు గుండీలు మిగిలే ఉన్నాయి. నా చేతులు ఆగిపోయాయి.

కొత్తదాని లెక్క. ఆ ఈడుపు ఆయనకు సరిపోయిన ఈడుపు. డెక్కు మెల్లగా తిరిగి, దాదాపు ముప్పై ఏళ్ళ కిందటి గొంతును ఇప్పటి గొంతు స్థాయికి దించి, పదం వెనక పదానికి టైమిచ్చింది. పెన్‌డ్రైవ్‌లోవి కూడా సరైన స్పీడులోవే, అందుకే వాటికీ పాడలేదు. దాన్ని నేను, తేడా తెలిసినదాన్ని, డబ్బులిచ్చి మరీ చెడగొట్టించాను.

ఆ సాయంత్రమే డెక్కు చంకనెత్తుకుని మెట్ల కింది కొట్టుకి పోయాను. "మళ్ళీ పాతలాగే చెయ్యండి" అన్నాను.

పెద్దాయన రెండు కళ్ళజోళ్ళ పైనుంచి చూశాడు. "అందరు మంచిగ చెయ్యుమంటరు, నువ్వు ఖరాబు చెయ్యుమంటున్నవ్. ఏమైందమ్మా?"

చెప్పాను, మొదటి నుంచి. ఆయన డెక్కు మూత విప్పాడు. మోటారు వెనక చిన్న రంధ్రం చూపించాడు. అందులో ఒక మర ఉంది, తిప్పితే స్పీడు తగ్గుతుంది. "తగ్గిస్త. కని ఎంత తగ్గించాలె? పాత బెల్టు పారేస్తి. అది ఎంతల తిరిగేదో నాకెట్ల తెలుస్తది? నువ్వు జెప్పు."

మర తిప్పుతూ వినిపించాడు. ఇదేనా? ఇదే అనిపించింది. ఇంకాస్త తిప్పాడు. అదీ ఇదేలాగే ఉంది. నాలుగోసారికి నా చెవులు నావి కాకుండా పోయాయి. పెద్ద క్వయిరు దాన్ని!

మర్నాడు శనివారం, సగంపూట సెలవు పెట్టి మా ఆయన్నే ఆటోలో తీసుకెళ్ళాను. స్టూలు మీద కూర్చోబెట్టాం. పెద్దాయన కానుకల పాట పెట్టి, మర కొంచెం కొంచెంగా తిప్పుతున్నాడు. సందులో బైకులు, కర్రీ పాయింటు ముందు హాస్టలు పిల్లల కేకలు. మా ఆయన అందుకోబోవడం, తప్పిపోవడం. మళ్ళీ వెనక్కి తిప్పడం. ఒకచోట టేపు ముందుకు పోతోంది, ఇంకోచోట మరీ దిగిపోయి గొణుగుతోంది. అరగంటకు మా ఆయన నుదురు చెమటతో తడిసిపోయింది. చివరికి ఎడమచెయ్యి ఎత్తి చెవి మూసుకుని, ఇంటికి పోదామన్నట్టు నా వైపు చూశారు. అయిపోయింది అనుకున్నాను. ఇక ఏ షాపుకీ పోనక్కర్లేదు, ఏ డబ్బూ దాచనక్కర్లేదు. మెట్టు మీద కూర్చున్నాను.

పెద్దాయన టేపు ఆపేశాడు. స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది. "అమ్మా, జర ఒక్కసారి అన్ననే పాడుమను. అన్న ఎంతల పాడుతడో చూసి, గీ మిషన్‌ను అంతకు పెడ్త."

"టేపు లేకుండా ఆయన పాడలేరండీ."

"అడిగినవా?"

లేచి మా ఆయన ముందు నిలబడ్డాను. ఎలా అడగాలో తెలియలేదు. పాడండీ అని అరవడం ఒకసారి అయిపోయింది. ఆదివారం చర్చిలో ప్రసంగం ముగిశాక పాస్టరు గారు పుస్తకం మూసి ఏమంటారో గుర్తొచ్చి, అదే అన్నాను, ఆ కొట్టు ముందు, అందరూ వింటుండగా.

"కానుకల పాట పాడుకుందాం."

ఆయన నన్ను చూశారు. ఎడమచెయ్యి చెవి మీద నుంచి దిగి మోకాలి మీదికి వచ్చింది. వీపు నిటారుగా అయింది. హార్మోనియం మాస్టారు ఆగినట్టు నేను ఆగాను. స్క్రూడ్రైవరు పట్టుకుని పెద్దాయన కూడా ఆగాడు.

ఎత్తుకున్నారు. బొంగురుగా, వణుకుతూ, పాత డెక్కు కంటే ఇంకో మెట్టు కిందకి, పదానికీ పదానికీ మధ్య ఊపిరి తీసుకుంటూ. మొదటి లైను మొత్తం, ఒక్కరే.

పెద్దాయన సైగతో ఇంకోసారి పాడించుకుంటూ టేపు సన్నగా వదిలి మర తిప్పసాగాడు. ముప్పై ఒక్క ఏళ్ళ గొంతు మెల్లమెల్లగా దిగి వచ్చి, యాభై తొమ్మిదేళ్ళ గొంతు పక్కన నిలబడింది. మిగతా క్వయిరంతా వాళ్ళ వెనక వచ్చింది. అందులో ఆడవాళ్ళ వరసలో నేనూ ఉన్నాను.

నేను పర్సు తెరిచాను. పెద్దాయన మర మళ్ళీ కదలకుండా దాని మీద ఒక చుక్క లక్క వేస్తూ తల అడ్డంగా ఊపాడు. "పాట అయిపోనియ్యమ్మా. గిప్పుడు పైసలేంది."

పర్సు అలాగే పట్టుకుని నిలబడ్డాను. మా ఆయనకు ఇప్పటికీ మాట రాలేదు. నీళ్ళకు ఇంకా గ్లాసే చూపిస్తారు. ఆ రోజు మాత్రం ఆ సందులో నన్ను ఏడిపించింది అది కాదు. జీవితమంతా పాట ఎత్తుకున్న మనిషి ముందు ఎనిమిది నెలలు ఒక పెట్టె పెట్టి, దాని వెనక పాడమన్నాను. ఎత్తుకోమని ఒక్కసారీ అడగలేదు.