నేను తోమేసిన నంబరు

ఈ రోజు పొద్దున లాన్‌లో మా డ్రైవరు బండి మీద గడ్డి కోస్తుండగా కాలిన రబ్బరు వాసన వచ్చింది. పచ్చిగడ్డి వాసనలోనూ సముద్రం మీది ఉప్పుగాలిలోనూ కలిసిపోయి సన్నగానే వచ్చినా, నేను ఆఫీసు గదిలోంచి లేచి పరుగెత్తి బండి ఆపించాను. డ్రైవరు వింతగా చూశాడు. "నాకేం వాసన రాలేదే మేడం" అన్నాడు. కిందకు వంగి చూస్తే బెల్టు పక్కకు జరిగి ఇనుముకు రాసుకుంటోంది. సరిచేయించి వచ్చి కూర్చున్నాను గానీ పని ముందుకు సాగలేదు. పద్నాలుగేళ్లుగా నాకిది మామూలే. ఆ వాసన వచ్చిన రోజు పెంచలయ్యన్న గుర్తొస్తాడు. ఇక ఆ రోజంతా ఒళ్లూ మనసూ రెండూ బరువుగానే ఉంటాయి.

నెల్లూరుకు తూర్పున, సముద్రానికి దగ్గర్లో ఒక కంపెనీ ఉద్యోగుల కాలనీ ఇది. వ్యవసాయ డిప్లొమా చేతపట్టుకుని తోట విభాగంలో ఏడాది కాంట్రాక్టు మీద చేరాను. మాది సముద్రంలో చేపల వేటకు పోయే కుటుంబం. నాన్నకు నడుము పట్టేసి పడవెక్కడం మానేశాక నా జీతంతోనే ఇల్లు గడిచేది. అప్పట్లో కాలనీలో మనిషి కూర్చుని నడిపే గడ్డి కోత బండి ఒకటుండేది. స్టీరింగూ సీటూ ఉండి చిన్న ట్రాక్టరులా కనిపించేది. దాని పొట్ట కింద మూడు బ్లేడ్లు తిరిగేవి. కాలనీ కట్టినప్పుడు వచ్చిన విదేశీ ఇంజనీర్లు తెప్పించుకుని, పోతూ పోతూ వదిలేశారు. దాని వివరాలు చెప్పే పుస్తకం లేదు. ఒంటి మీద పేరు కూడా ఎండకు వెలిసిపోయింది. అందరూ గడ్డిబండి అనేవాళ్లు. దాన్ని బతికిస్తూ వచ్చిన మెకానిక్ పెంచలయ్యన్న. ఊళ్లు తిరిగి పంపుసెట్లు బాగుచేసి, మోకాళ్లు అరిగిపోయాక, నీడపట్టున ఉందామని అరవయ్యేళ్ల వయసులో ఇక్కడ కాంట్రాక్టు మీద చేరాడట. "నీడ యాడుండాదో నాకైతే కనపళ్లా పాపా" అనేవాడు, మిట్టమధ్యాహ్నం బండి కింద వెల్లకిలా పడుకుని.

నేనెక్కితే ఆ బండి ఆగిపోయేది. చిన్న గతుకొస్తే చాలు, ఇంజను టక్కున ఆగేది. మగవాళ్లు నడిపితే ఏ పేచీ లేదు. "బండికి ఆడపిల్ల నచ్చలా" అని నవ్వుకున్నారు. ఒకరు బ్యాటరీ పోయిందన్నారు, ఇంకొకరు పెట్రోల్లో నీళ్లున్నాయన్నారు. పెంచలయ్యన్న ఒక్క బోల్టు కూడా విప్పలేదు. నన్ను సీటు మీద కూర్చోబెట్టి, అదే గతుకు మీద నాలుగుసార్లు నడిపించి, పక్కన నిలబడి చూశాడు.

"నువ్వెంత తూగతావు పాపా?"

"నలభై రెండు కిలోలన్నా."

అదీ సంగతి అన్నట్టు తలాడించాడు. ఆ సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది. నడిపేవాళ్లు దిగిపోతే బ్లేడ్లు తిరక్కుండా అది ఇంజనును ఆపేస్తుంది. గతుకు దగ్గర నేను ఎగిరిపడితే, నేను దిగిపోయానని బండి అనుకుంటోంది. ఆయన గట్టి స్ప్రింగు తీసి మెత్తది వేశాడు. "బండికి ఆడా మగా తెలవదు. బరువు తెలస్తాది, అంతే. ఏదన్నా ఆగిపోతే ముందే విప్పబాక. ఎప్పుడెప్పుడు ఆగతా ఉండాదో చూడు" అన్నాడు. అది బండి గురించే చెప్పాడనుకున్నాను.

ఆ సీటు కిందే అరచేతి వెడల్పున ఒక అల్యూమినియం రేకుండేది. దాని మీద బండి మోడల్ నంబరు రంగుతో అచ్చువేసి ఉంది. ఆ బండికి ఏ సామాను కావాలన్నా ఆ నంబరే ఆధారమని అప్పటికి నాకు తెలియదు. ఆ ఏడాది ఆయుధపూజకు బండి కడిగే పని నాకు పడింది. ఏటా పూసిన పసుపూ కుంకుమా గ్రీజుతో కలిసి ఆ రేకు మీద అట్టకట్టి ఉన్నాయి. చింతపండు, సన్నటి ఇసుక తెచ్చుకుని, ఇంట్లో రాగిబిందె తోమినట్టు తోమాను. రేకు తళతళలాడింది. గంధం పూసి బొట్టు పెట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి అందరం పులిహోర తిన్నాం. ఎంత శుభ్రంగా చేశానో అని మురిసిపోయాను కూడా.

నెల తిరక్కుండానే బ్లేడ్లు తిప్పే బెల్టు పీచుపీచుగా తెగిపోయింది. చెన్నైలో సామాను అమ్మేవాళ్లకు ఫోన్ చేస్తే, మోడల్ నంబరు లేకుండా ఏమీ చెప్పలేమన్నారు. పెంచలయ్యన్న సీటు ఎత్తాడు. నున్నటి రేకును వేలితో తడిమాడు. నంబరు లేదు.

"నేనే తోమినానన్నా, పూజకి" అన్నాను.

"ఇంత పనిమంతురాలివని తెలవక పాయె" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

మరునాడు మేనేజరు మా ఇద్దరినీ పిలిపించాడు. పది రోజుల్లో పైఅధికారులు వస్తున్నారు. గడ్డి అప్పటికే చీలమండలు దాటింది. "నంబరు చెరిపిందెవరు?" అని అడిగాడు. నా కాంట్రాక్టు పొడిగించే కాగితం ఆయన బల్ల మీదే సంతకం కోసం ఉంది. దాని మీద నా పేరు నాకు కనబడుతూనే ఉంది. నోరు తెరిచాను. మాట రాలేదు. పెంచలయ్యన్న నావైపు చూడలేదు. "పూజకు తోమినాం సార్. బండి నా చేతి కింద ఉండాది గదా, తప్పు నాదే" అన్నాడు. మేనేజరు ఆయనకు మెమో ఇచ్చాడు. బయటికొచ్చాక నేను ఏడుస్తుంటే ఆయనకు విసుగొచ్చింది. "ఏడిస్తే బెల్టు వస్తాదా? మీ నాయన కాడ వల దారం ఉంటే తీసకరా పో" అన్నాడు.

నాన్న దగ్గర గట్టి నైలాన్ దారం తెచ్చాను. కొలత కోసం బెల్టు పోయే దారిలోనే దాన్ని కప్పీల చుట్టూ తిప్పి, రెండు కొసలూ కలిసిన చోట ముడి వేశాడు పెంచలయ్యన్న. ఆ దారం పట్టుకుని నెల్లూరు వెళ్లి, ఎండలో ఒక్కొక్క అంగడీ ఎక్కి దిగాం. ఐదో అంగట్లో వడ్లు నూర్చే మిషను బెల్టు ఒకటి అచ్చంగా అదే కొలతకు దొరికింది. నేను సంతోషం పట్టలేకపోయాను. "కొలత సరిపోయింది. పని సరిపోతాదా అని" అన్నాడాయన. బిగించి నడిపితే పావుగంటలో పొగ లేచింది. అప్పుడే ఆ వాసన మొదటిసారి నా ముక్కుకు తగిలింది. బ్లేడ్లు తిరగడం మొదలయ్యేటప్పుడు ఈ బండి బెల్టు కాస్త జారి పట్టుకోవాలట. అందుకు పైన గట్టి గుడ్డ చుట్టిన రకం కావాలి. మామూలు రబ్బరైతే కాలిపోతుంది. పెంచలయ్యన్న ఆ గడ్డిలోనే చతికిలబడ్డాడు. "అలిసిపోయినాను పాపా" అన్నాడు. ఆ మాట ఆయన నోట అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నేనూ పక్కనే కూర్చున్నాను.

మర్నాడు సెలవు పెట్టి ఆయనొక్కడే చెన్నై రైలెక్కాడు. ముడి వేసిన దారం, కాలిన బెల్టు, విప్పిన బ్లేడు ఒకటి, నేను అన్ని వైపుల నుంచీ తీసిచ్చిన ఫొటోలు సంచిలో పెట్టుకున్నాడు. అక్కడ మూడు అంగళ్లలో పొమ్మన్నారట. నాలుగో చోట కౌంటరు దగ్గరున్న పెద్దమనిషి మాత్రం బ్లేడు నడిమి రంధ్రం నక్షత్రం ఆకారంలో ఉందని గమనించి, బండ్ల బొమ్మల పుస్తకాలు ముందేసుకుని పేజీ తర్వాత పేజీ తిప్పి బండిని గుర్తుపట్టాడట. పెంచలయ్యన్న సరైన బెల్టుతో, రైలు టిక్కెట్టు వెనక రాసుకున్న మోడల్ నంబరుతో తిరిగొచ్చాడు. గడ్డి కోశాం. వచ్చిన పెద్దలు కారు అద్దాలు దించకుండానే లాన్ పక్కనుంచి వెళ్లిపోయారు.

ఆ వారమే ఆయన ఇనుము మీద అంకెలు కొట్టే అచ్చులు తెచ్చి నా చేతికిచ్చాడు. సీటు కింద, రేకు పక్కనే, బండి చట్రం మీద ఆ నంబరు నాచేతే సుత్తితో కొట్టించాడు. నేను కొట్టిన ఏడు అంకె పక్కకు ఒరిగింది. "ఒరిగితే ఒరగనీ. దీన్ని ఏ చింతపండూ చెరపలేదు" అన్నాడు.

నా కాంట్రాక్టు పొడిగించారు. ఏడాది చివర్లో ఆయనది పొడిగించలేదు. వయసైపోయింది అన్నారు. ఫైల్లో ఉన్న మెమో సంగతి ఎవరూ ఎత్తలేదు. అందుకే తీసేశారో, నిజంగా మోకాళ్లు చూసే తీసేశారో నాకు ఈనాటికీ తెలియదు. ఆఖరి రోజు పనిముట్లు సంచిలో సర్దుకుంటుంటే, "సార్ దగ్గరికి పోయి నిజం చెప్తానన్నా" అన్నాను.

"ఇప్పుడు చెప్తే నువ్వు గూడా పోతావు. గడ్డి ఎవురు కోస్తారు?" అన్నాడు.

ఆ మాటతో నాకు హాయిగా ఊపిరి ఆడింది. సిగ్గుపడాల్సింది దానికే. రెండేళ్ల తర్వాత ఆయన పోయాడని ఎవరో చెప్పగా విన్నాను. అప్పటికి కర్మలు కూడా అయిపోయాయి.

ఆ గడ్డిబండి తుక్కు కిందకు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఈ విభాగానికి నేనే ఇన్‌చార్జిని. కొత్త బండి ఏది వచ్చినా పూజ కంటే ముందు దాని నంబరు చట్రం మీద కొట్టిస్తాను. నా చాదస్తం చూసి మావాళ్లు చాటుగా నవ్వుకుంటారని తెలుసు. ఏదన్నా ఆగిపోతే, ఎప్పుడు ఆగిందో ముందు చూడమన్నాడాయన. నా మాట ఆగింది బల్ల మీద నా కాగితం కనబడినప్పుడు. అంతకు ముందురోజు అదే మాట పెంచలయ్యన్న దగ్గర తడుముకోకుండా చెప్పగలిగాను. లోపం ఎక్కడుందో తెలిసి కూడా ఇన్నేళ్లు బాగుచేసుకోలేదు. ఆ మేనేజరు ఎప్పుడో బదిలీ అయి వెళ్లిపోయాడు. ఆ బల్ల కూడా లేదు. ఆ రోజు ఆయన ముందు అనాల్సిన మాట ఇప్పుడిక వినేవాళ్లు మీరే.

ఆ నంబరు తోమేసింది నేను సార్. పెంచలయ్యన్న కాదు.