బెల్లు కొట్టందే ఎక్కని మనిషి

టేకులపల్లి పక్క తండాలో రూప్లా ఎవరని అడిగితే, భూమి లోపలి సంగతులన్నీ తెలిసిన మనిషి అని చెబుతారు. ఆ పేరు పుట్టించింది కూడా రూప్లానే. ఇల్లెందు వైపు ఒక బొగ్గుబాయిలో అప్పట్లో టింబర్‌మన్ ఉద్యోగం అతనిది. బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం, కర్రతో కప్పును తట్టి అది గట్టిదో గుల్లదో చెవితోనే తేల్చడం అతని పని. పని బాగానే చేసేవాడు, కాదనలేం. కానీ చేసిన దానికన్నా చెప్పుకున్నదే ఎక్కువని ఇప్పుడు ఆ మనిషే నవ్వుతూ ఒప్పుకుంటాడు. "బాయిల ఒక పూట పనిజేసి, బయట మూడు పూటలు దాని ముచ్చటే జెప్పెటోణ్ణి. నిద్రల గూడ," అంటాడు.

ఆ గొప్పలు చెల్లని చోటు సొంత ఇల్లొక్కటే. భార్య మంగ్లికి బాయి అంటే గిట్టేది కాదు. షిఫ్టు అయిపోయే వేళకు తండా మొగదల రోడ్డు మీద నిలబడి, అతని సైకిలు కనబడేదాకా కదిలేది కాదు. కనబడగానే ఏమీ ఎరగనట్టు తన మేకలను అదిలించుకుంటూ ఇంటికి వెళ్ళిపోయేది. బాయి పైన ఏదైనా పని అడగమని పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టింది, అప్పటికీ ఆపలేదు. పైన పనంటే జీతం కొంచెం తగ్గుతుంది. పరువు చాలా తగ్గుతుంది. పైగా తాను దిగడం మానేస్తే మర్నాటికే బాయి కప్పంతా కూలిపోతుందని అప్పట్లో రూప్లా గట్టి నమ్మకం.

ఎనభై ఎనిమిదిలో కంపెనీ రైలు ఖర్చులిచ్చి ఊళ్ళు చూసి రమ్మంది. తోటివాళ్ళు తిరుపతి అన్నారు. రూప్లా కలకత్తా అన్నాడు. అక్కడ భూమి కింద రైలు నడుస్తోందని, ఆ రైల్లోనే కాళీ గుడికి పోవచ్చునని క్యాంటీన్‌లో విన్నాడు. మంగ్లిని ఒక్కసారి లోపలికి దింపి, ఆ భయమేదో అక్కడే వదిలించేద్దామని అతని ఎత్తు. హౌరా బండిలో కూర్చోగానే పందెం పెట్టాడు.

"లోపలికి దిగినంక నీకు భయమైందనుకో, ఊరికి పోంగనే పైన పని కోసం మేనేజర్‌ను అడుగుత. భయం గాలేదనుకో, ఇగ బతికినన్ని దినాలు బాయి మాట ఎత్తొద్దు. సరేనా?"

"సరే," అన్నది మంగ్లి. "అయితే అయిందని చెప్త, కాకపోతే కాలేదని చెప్త. నువ్వు మాత్రం మాట తప్పకు."

కలకత్తాలో జాదూఘర్ అనే పెద్ద మ్యూజియం చూసి, పక్కనే ఉన్న పార్క్ స్ట్రీట్ స్టేషన్‌కు వెళ్ళారు. మెట్ల దగ్గరే రూప్లా పాండిత్యం బయటపడింది. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకెళ్ళకూడదు. మొగదలే జేబులు తడిమి చూస్తారు. కాబట్టి రూప్లా బీడీ కట్ట, అగ్గిపెట్టె తీసి, అక్కడ నిలబడ్డ ఖాకీ బట్టల మనిషి చేతిలో పెట్టి, తడుముకోమని రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. ఖాకీ మనిషి బీడీలను చూశాడు, ఇతన్ని చూశాడు. ఎవరో దాత అనుకున్నాడో ఏమో, దండం పెట్టి, ఒక్క బీడీ ఉంచుకుని మిగతావి తిరిగిచ్చాడు. మనిషి మంచోడే గానీ తనిఖీ చేయడం రాదు అనుకున్నాడు రూప్లా.

లోపల దీపాలు, ఫ్యాన్లు, నున్నటి నేల. చీకటి ఉంటే మంగ్లికి ధైర్యం చెబుదామని వచ్చినవాడికి ఆ అవకాశమే దొరకలేదు. ఉన్న విద్య ప్రదర్శించకుండా ఎలా ఉంటాడు? గొడుగు పిడితో స్తంభాన్ని తట్టి, చెవి ఆనించి విని, "గట్టిదే" అని తీర్పు చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కాస్త దూరం జరిగారు.

"జనం జూస్తుండ్రు," అన్నది మంగ్లి.

"జూడనీ. గిట్ల జూసుకుంటెనే పానాలు నిలుస్తయి. ఇగో విను, బెల్లు కొట్టందే బండి కదలదు. ముందు నువ్వెక్కు. అందరెక్కినంక చివరికి నేనెక్కుత. గదీ పద్ధతి."

అది బాయిలోకి మనుషుల్ని దింపే బండి పద్ధతి. ఇక్కడ తలుపులు వాటంతటవే మూసుకుంటాయని మూడు భాషల్లో చెబుతూనే ఉన్నారట. భూమి లోపల తనకు ఇంకొకరు చెప్పేదేమిటని రూప్లా చెవిన పెట్టలేదు. రైలు వచ్చింది. మంగ్లి ఎక్కింది. రూప్లా ఒక ముసలామెకు దారిచ్చాడు, సంచి పట్టుకున్న ఒక బాబుకు దారిచ్చాడు, ఇంకా ఎవరైనా మిగిలారా అని పెద్దరికంగా అటూ ఇటూ చూశాడు. బెల్లు ఎవరు కొడతారా అని వెతుకుతుండగానే తలుపులు మూసుకున్నాయి. అద్దం వెనక మంగ్లి ముఖం కనబడింది, తర్వాత అదీ కనబడలేదు.

రూప్లా రైలు వెనక పరుగెత్తాడు. ప్లాట్‌ఫారం చివర పట్టాల మీదికి ఒక కాలు దించేలోపు ఎవరో మెడ పట్టి వెనక్కి లాగారు. అక్కడి కాపలాదారు.

"మర్నా హై క్యా?" అని, చావాలనుందా అన్నట్టు అరిచాడతను. పట్టాల దగ్గర కరెంటు ఉందని, వెనక వచ్చే బండెక్కి తర్వాతి స్టేషన్‌లో దిగి చూసుకోమని హిందీలో చెప్పాడు. లంబాడీ పుట్టుకతో వచ్చింది, హిందీ బాయిలో వచ్చింది, కాబట్టి రూప్లాకు అంతా అర్థమైంది. కానీ ఒప్పుకోలేదు. మనిషి తప్పిపోతే చివరిగా కనబడ్డ చోటు వదలకూడదని పట్టుబట్టాడు. ఇంత జరిగాక కూడా సూత్రాలే. కాపలాదారు తర్వాతి స్టేషన్‌కు ఫోన్ చేస్తానని తల కొట్టుకుంటూ వెళ్ళాడు.

రూప్లా స్తంభం దగ్గర నిలబడ్డాడు. అవతలి వైపు నుంచి ఒక రైలు వచ్చింది. మంగ్లి తొడుక్కున్న అద్దాల రవిక లాంటిది ఆ ఊళ్ళో ఇంకెవరికీ లేదు. కనబడలేదంటే మంగ్లి అందులో లేనట్టే. టికెట్లు రెండూ తన జేబులోనే ఉన్నాయి. బయటికి పోనివ్వరేమో. భయపడి తలుపు తోసిందేమో. పట్టాల మీదికి దిగిందేమో. కాళికమ్మకు ఒక మేకను మొక్కాడు. ఇంకో రైలు వచ్చి వెళ్ళగానే రెండు చేశాడు. ఆ మేకలు మంగ్లివని అప్పుడు తట్టలేదు.

ఇంత భయం అతనికి బాయిలో ఏనాడూ కలగలేదు. లోపల చేతికి పని ఉంటుంది. ఇక్కడ చేయగలిగింది ఆ చీకటి గుహ వంక చూడటమొక్కటే. స్తంభానికి ఆనుకుని కింద కూర్చున్నాడు. భూమి లోపలి సంగతులన్నీ తెలిసిన మనిషి నలుగురిలో వెక్కి వెక్కి ఏడ్చాడు.

తర్వాతి రైల్లోంచి మంగ్లి దిగింది. నిదానంగా నడిచి వచ్చింది.

"గీ ఏడుపేంది? ముందు టేసన్ల దిగిన. ఒకామెను అడిగితే అవతలి దిక్కు బండెక్కుమన్నది. ఎక్కిన. గంతే."

"నువ్వు కనవడకపోతే పానం ఆగలే మంగ్లీ."

"ఒక్క పూటకే?" అన్నది మంగ్లి.

మంగ్లి ముఖం పక్కకు తిప్పుకుంది.

"పందెం నువ్వే గెలిచినవ్. నాకు భయం గాలే. దీపాలున్నయ్, మనుషులున్నరు. ఇగ బాయి మాట ఎత్త."

ఇన్నేళ్ళుగా ఏ మాట కోసం ఎదురు చూశాడో ఆ మాట వచ్చింది. గెలిచినవాడు నేల మీద కూర్చుని తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటున్నాడు.

"ఊరికి పోంగనే మేనేజర్‌ను అడుగుత. పైన ఏ పనైనా సరే. ఊడ్సుడైనా సరే."

"గెలిచింది నువ్వు గద?"

"ఎదురుచూసుడు గిట్లుంటదని నాకు తెల్వదే. ఇగ నిన్ను రోడ్డు మీద నిలబెట్ట."

తమాషాకు అంటున్నాడేమోనని మంగ్లి అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత అతని పక్కనే కూలబడి, తలమీది గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్వసాగింది. కాళీ గుడికి పోయే రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మళ్ళీ మూసుకున్నాయి. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.