రక్తం ఆగాక వెళ్దామనుకుంది

కెనడాలోని హాలిఫాక్స్‌లో ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో రూపవతి పని, మంచం దిగలేనివాళ్ళకు స్నానాలు చేయించడం, డైపర్లు మార్చడం. ఎవరైనా సిగ్గుపడి ముడుచుకుపోతే, "నా దగ్గర సిగ్గేంటి?" అని నవ్వించి మరీ పని కానిచ్చేది. తన ఒంటి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ ధైర్యమంతా ఏ గంగలో కలిసిందో!

కూతురు ఏనీ సిజేరియన్‌తో పుట్టినప్పటినుంచీ ఆమెకు నెలసరి సరిగ్గా ఆగింది లేదు. అయిపోయిందని తలస్నానం చేస్తే మళ్ళీ మరక. వారం, పదిరోజులు అలా బొట్టుబొట్టుగా కనబడుతూనే ఉండేది. ఫోన్లో తల్లితో చెప్పుకుంటే, "కడుపు కోశాక అందరికీ అంతేనే, ఊరుకో" అంది. ఊరుకుంది. నల్ల ప్యాంట్లు కొనుక్కుంది.

ఏనీకి తోడుగా ఇంకొకరుండాలని మొగుడు సంతోషం ఆశపడేవాడు. రూపవతికైతే అది ఆశ కాదు, ఆకలి. ఎన్నాళ్ళకూ కడుపు రాకపోయేసరికి ఫ్యామిలీ డాక్టరు కిందనుంచి చేసే స్కాన్‌కి రాసింది. తీరా ఆ రోజుకి మరక.

"ఛీ, ఇలా ఉండగా ఎలా చూపించుకుంటానండీ? ఆగాక వెళ్దాం" అని మొగుడితో అని, క్యాన్సిల్ చేసేసింది. రెండోసారీ అదే కథ. మూడో అపాయింట్‌మెంట్ కొన్ని నెలల తర్వాతకి గానీ దొరకలేదు. ఏళ్ళుగా ఆగనిది సరిగ్గా ఆ రోజుకే ఆగుతుందా, పిచ్చిమొహమా! అని గదమాయించే మనిషి ఒక్కరూ లేకపోయారు.

ఈలోగా నెల తప్పింది. ఉండబట్టలేక సంతోషం ఆ సంగతి తెలుగువాళ్ళ ఇళ్ళలో జరిగే ప్రార్థన కూటంలో అందరికీ చెప్పేశాడు.

తొలి స్కాన్‌లోనే డాక్టరమ్మ మొహం మారిపోయింది. బిడ్డ పాత కోత మచ్చలో నాటుకుంది, అక్కడ గర్భసంచి గోడ పల్చబడిపోయింది, ఉంచితే తల్లి ప్రాణానికే ముప్పు అంది. ఆ మచ్చ సరిగ్గా మానక లోపల గుంట పడిందట. నెలనెలా అందులో నిలిచిపోయిన రక్తమే తర్వాత మెల్లగా కారుతూ వచ్చిందట.

"ముందే స్కాన్ చేయించుకుంటే కనబడేదా?" అని అడిగింది రూపవతి.

"కనబడేదేమో. బ్లీడింగ్ ఉన్నా చేస్తాం కదా" అంది డాక్టరమ్మ మెత్తగా. తిట్టినా బాగుండేది.

బిడ్డను తీసేశారు.

తర్వాతి కూటంలో ప్రార్థన నడిపే పెద్దాయన ఎప్పటిలాగే, "దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా సాక్ష్యం చెబుతారా?" అన్నారు. సంతోషం తల దించుకున్నాడు. రూపవతి లేచి నిలబడింది.

"నాకు ఏళ్ళుగా రక్తం పోతోందండీ. సిగ్గుపడి స్కాన్‌కి వెళ్ళలేదు. నా బిడ్డ పోయింది."

మగవాళ్ళు కార్పెట్ వైపు చూశారు. ఎవరో గబగబా పాట ఎత్తుకున్నారు.

రూపవతి వంటగదిలోకి వెళ్ళిపోయింది. వెనకాలే చంటిపిల్లనెత్తుకుని రాధిక అనే అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుంది. "అక్కా, నాకూ అంతే. ఆపరేషన్ అయ్యాక మామూలే అనుకున్నా."

"రేపే డాక్టరుకి ఫోన్ చెయ్యి. రక్తం ఉన్నా సరే, వెళ్ళు" అంది రూపవతి.

రాధిక తలూపి వెళ్ళిపోయింది. ఇంత చిన్న మాట తనకెవరూ చెప్పలేదే అని రూపవతి కడుపు పట్టుకుని, సింకు దగ్గరే కూలబడి ఏడ్చింది.