వేలికి అంటని నూనె

కొండమీది ఆ కాపలా స్థావరంలో రైఫిళ్ళు బాగుచేసే పెద్దాయనని అందరూ నూనె మామ అనేవారు. యాభై నాలుగేళ్ళ వయసు. అందులో పదకొండేళ్ళు ఈ చలికే సమర్పయామి. పొద్దున ఆయనకంటే ముందే మోకాళ్ళు లేచి ఏడుపు లంకించుకునేవి. కిందికి బదిలీ చేయమని ఆరు అర్జీలు పెట్టాడు. ఏడోది పై అధికారి చేతిలో ఉంది. తనిఖీలో రైఫిళ్ళు నచ్చితే సంతకం పెడతానన్నాడాయన.

చిక్కల్లా ఆయన చూపుడువేలితోనే. తనిఖీ అంటే రైఫిలు బోల్టు మీద వేలు రాయడమే. వేలు నిగనిగలాడితే "భేష్", పొడిగా వస్తే "పనిదొంగ". ఆయన తుపాకి శాస్త్రం అక్కడితో సమాప్తం.

తనిఖీకి ముందురోజు స్టోరు కీపరు చిక్కటి నూనె డబ్బా తెచ్చి బల్లమీద ధబీమని పెట్టాడు.

"ఒరేయ్, ఇది దట్టంగా పూసెయ్. రేపీపాటికి పెట్టె సర్దుకోవచ్చు."

"ఈ చలికి అది జిగురైపోతుందిరా. లోపల ఫైరింగ్ పిన్ను కదలదు. అవసరానికి పేలకపోతే కాపలావాళ్ళు ఏం చేస్తారు, దుడ్డుకర్రలా తిప్పుతారా?"

"తనిఖీ అయ్యాక తుడిచెయ్!"

"నలభై రైఫిళ్ళు విప్పి తుడవాలంటే రెండ్రోజులు. ఆ రెండ్రోజులూ ఎవడూ మీదకి రాడని రాసిస్తావా?"

భార్య ఫోనులో ఇంకా సూటిగా చెప్పింది. "ఏదో ఒక నూనె తగలేసి వచ్చెయ్యకూడదుటండీ?"

"అలాగేలే" అన్నాడు. ఆ "అలాగేలే"కి అర్థం ఆవిడకి పెళ్ళయిన ఏడాదే తెలిసిపోయింది.

పలచటి నూనె రెండేసి చుక్కలు. గుడ్డతో తుడిస్తే పొరలాంటిది మిగలాలి, అంతే. వంగితే లేవలేక, లేస్తే వంగలేక, నలభయ్యీ పూర్తిచేసి మంచంమీద గోనెసంచిలా పడ్డాడు.

తెల్లారేసరికి రైఫిళ్ళన్నీ ఆరుబయట, మంచులో వరసగా నిలబడ్డాయి. అధికారి మొదటిదానికి వేలు రాశాడు. వేలు తళతళా మెరిసింది. "భేష్!"

మామ నోరు తెరిచాడు. స్టోరు కీపరు ఆకాశంలో ఏదో వెతుకుతున్నాడు. రాత్రి దొంగచాటుగా ఆ చిక్కటి నూనె పూసింది వాడే, వెధవ.

రెండోది పొడి. మూడోదీ పొడే.

"ఏమయ్యా, ఒక్కదానికి రాసి గుర్రుపెట్టావా?"

"కాదు సార్. ఆ మొదటిదాన్నీ, ఈ పొడిదాన్నీ పేల్చి చూడండి."

ఎదురుగా మట్టిగుట్టకి గురిపెట్టి అధికారి మొదటిదాని మీట నొక్కాడు. టిక్. మళ్ళీ నొక్కాడు. టిక్. రెండోదాని మోతకి రేకులమీది మంచు ఒక్కసారిగా జారి కిందపడింది.

అధికారి వేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు. కాసేపటికి అర్జీ తీసి, పెన్ను మూత విప్పాడు.

"ఇంత పని తెలిసినవాణ్ణి కిందికి పంపితే ఇక్కడ ఎవడున్నాడయ్యా? ఇంకో రెండేళ్ళు ఉండు. నలుగురికి నేర్పు."

"చిత్తం సార్."

స్టోరు కీపరు చెవిలో గొణిగాడు. "నేను పూసింది పేలినా బాగుండేదిరా."

"నోర్ముయ్."

సాయంత్రం ఫోనులో భార్యకి విషయం చెప్పాడు. తిడుతుందనుకున్నాడు.

"ఉన్ని మేజోళ్ళు ఎన్ని జతలు పంపమంటారు?" అంది ఆవిడ.

ఆయన రెండు చలికాలాలూ లెక్కేసుకున్నాడు.

"నాలుగు పంపు."